తెలియని విధి విధియగునా?

శాసనము తెలియదనుట నేరమునకు మన్నింపు కాజాలదన్న సూత్రము, న్యాయశాస్త్రము చదువనివారు గూడ వినియున్న మాట. రాజ్యము నడువవలెనన్న ఆ సూత్రము తప్పదు. ఏలయన, తెలియదన్న ఒక్క పలుకుతో ప్రతివాడును విడుదల పొందగలిగినచో, తెలిసికొనకుండుటయే అన్నిటికంటె లాభసాటి విద్య యగును. అయితే, తెలియదనుటకు ప్రజకు హక్కు లేదన్నప్పుడు, తెలియజేయకుండుటకు ప్రభువునకు హక్కు ఎక్కడనుండి వచ్చినది? విధించుటయు బోధించుటయు రెండు వేర్వేరు కార్యములనియు, మొదటిది అధికారమనియు, రెండవది కేవలము దయ యనియు మన పాలకులును, పలుమారు మనమును, అనుకొనుచున్నాము. ఆ అనుకోలు ధర్మశాస్త్రదృష్టికి నిలుచునా యనునదే ఇచ్చటి విచారము.

పెంటపాడు వంటి కాలువ క్రింది ఊరిలో వరి పండించుకొనువానికి ఢిల్లీ బహుదూరమని తోచుట సహజము. గోదావరి నీరు వేళకు వచ్చుట, పండిన ధాన్యము తాడేపల్లిగూడెపు మిల్లులకు చేరుట, ఇవియే వాని చింతలు. కాని యెరువు ధర మొదలు ధాన్యపు మద్దతు ధర వరకు వాని జీవితమున సగము కేంద్ర ప్రభుత్వము వెలువరించు ఉత్తరువులలోని పంక్తులపై ఆధారపడియున్నది. ఆ పంక్తులు మారినప్పుడు వాని బ్రతుకును మారును. మారిన సంగతి మాత్రము వానికి కడపట తెలియును. ఈ వైపరీత్యము మనకు పడమటి వైపున, కొల్లేటి లంకలలో, ఇంకను కఠోరముగా గోచరించును.

బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చిపోయు నీటిని తనలో నిలుపుకొని, ఉప్పుటేరు అను ఒక్క ద్వారమున సముద్రమునకు విడిచిపెట్టు కొల్లేరు సరస్సు, 1972 నాటి కేంద్ర వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి 1999 అక్టోబరు 4వ తేదీన అభయారణ్యముగా ప్రకటింపబడినది. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తున గీయబడిన రేఖ, అనగా అయిదవ కాంటూరు, దానికి ఎల్ల. ఆ ఎల్లకు లోబడిన వైశాల్యము రమారమి 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా దానికి గుర్తింపు కలిగినది. 2006లో ఆ రేఖకు లోపలనున్న చేపల చెరువుల గట్లకు యంత్రములతో గండ్లు కొట్టినప్పుడు, అప్పులు చేసి చేపపిల్లను వదలిన పలువురకు, కాగితముపై ఏడేండ్లనుండి ఉన్న ఆ రేఖ మొదటిమారు కంటికి కనబడినది. 2008లో ఎల్లను మూడడుగుల రేఖకు తగ్గింపుడని రాష్ట్ర శాసనసభ తీర్మానించినది. నాటినుండి ఆ ప్రాంతమున అయిదవ కాంటూరు, మూడవ కాంటూరు అను మాటలు వానకాలము ఎండకాలము అన్నంత మామూలైనవి. "మా చెరువు ఐదులో ఉందా, మూడులో ఉందా? అదొక్కటి చెప్పండి మాస్టారూ, చాలు" అని అడుగువానికి కావలసినది వాదము కాదు, పాండిత్యము కాదు, తాను నిలిచిన నేల శాసనము దృష్టిలో ఏమగునో తెలిసికొనుట. శాసనసభ తీర్మానము కోరిక మాత్రమే యనియు, జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే అభయారణ్యపు ఎల్ల మార్చరాదని అదే కేంద్ర చట్టము చెప్పుచున్నదనియు వానికి ఒక్క వాక్యమున ఎవరైన చెప్పియుండినచో, ఎన్ని ఆశలు, ఎన్ని అప్పులు ఆగియుండెడివో!

ఇందులో విశేషమేమనగా, ప్రజకు తెలియజెప్పవలసిన ఆవశ్యకత ఆ 1972 చట్టమునకే తెలియును. అభయారణ్యమును ఏర్పరచు సంకల్పము వెలువడిన పిమ్మట, కలెక్టరు ఆ ప్రాంతమునందును పరిసరములందును గల ప్రతి పట్టణమునను ప్రతి గ్రామమునను ప్రాంతీయభాషలో చాటింపు ప్రకటింపవలెననియు, ఎల్లలెవ్వియో అందు విశదపరుపవలెననియు, హక్కులు కలవారు ఆ ప్రకటన తేదీనుండి రెండు నెలలలోపల వ్రాతమూలముగా కోరుకొనవలెననియు దాని 21వ విభాగము ఆదేశించుచున్నది. ఇది కేవలము మర్యాద కాదు. జిరాయితీ భూమి గలవాని హక్కు, వలవేసి బ్రతుకువాని హక్కు, ఆ రెండు నెలలలో పలుకకున్నచో చిక్కున పడునని యెరిగియే, వానికి తెలిసిన భాషలో చెప్పిన పిదపనే గడువు మొదలుకావలెనని శాసనకర్తలు కట్టడి చేసిరి. అనగా భాష ఇచ్చట శాసనమునకు వేసిన అలంకారము కాదు. శాసనము యొక్క అంగము.

మన పురాణేతిహాసములు ఈ ప్రశ్నను ఇంకను లోతుగా త్రవ్వినవి. ఆదిపర్వములోని మాండవ్యుని వృత్తాంతము తెలుగువారికి నన్నయభట్టు కాలమునుండి పరిచితము. దొంగలు తన యాశ్రమమున దాగిన పాపమునకు, మౌనవ్రతమునందున్న ఆ ముని కొఱ్ఱున వేయబడెను. పిమ్మట ఆయన ధర్ముని కొలువునకేగి, తానే దోషమునకు ఈ ఫలమనుభవించితినని ప్రశ్నించెను. బాల్యమున పురుగులను పుల్లతో గ్రుచ్చితివని ధర్ముడు సమాధానమిచ్చెను. అల్పదోషమునకు, అదియును మంచిచెడ్డలెరుగని వయస్సులో చేసినదానికి, ఇంత దండనమా యని ముని కోపించి, ధర్ముడే భూలోకమున విదురుడై పుట్టునట్లు శపించెను. పదునాలుగేండ్లు నిండువరకు చేసినది పాపముగా లెక్కింపబడరాదని మర్యాద నెలకొల్పెను. శిక్షించువాడు సాక్షాత్తు ధర్ముడే యైనను, తెలియనివానిని తెలిసినవానివలె దండించినచో తానే దండ్యుడగునన్న ఈ భావనను మించిన సాహసము ఏ న్యాయశాస్త్రమున కలదు?

గ్రామీణులు బాలురు కారు గదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. నిజమే. బాలునకు బుద్ధి పక్వము కాలేదు. వీరి బుద్ధి పక్వమైనదే, అక్షరము వీరివద్దకు రాలేదు. బాలుని అజ్ఞానము ప్రకృతి కల్పించినది. వీరి అజ్ఞానము, తెలుపవలసినవాడు తెలుపకపోవుటచే కలిగినది. కావున మొదటిదానిని క్షమించు ధర్మము రెండవదానిని మరింత క్షమింపవలసియుండును. క్షమింపలేనిచో, తెలుపనివానినైన ప్రశ్నింపవలసియుండును.

పూర్వమీమాంసకులు ఈ సంగతిని కథగా గాక తర్కముగా పరిశీలించిరి. విధివాక్యము పురుషుని కార్యమున ప్రవర్తింపజేయు శక్తి కలది. కాని ఆ శక్తి, ఇది నన్ను ప్రవర్తింపజేయుచున్నదని గ్రహించిన చిత్తమునందే పనిచేయును. అందుచే యాగమునకు అధికారిని, అనగా అర్హుని, నిర్ణయించునప్పుడు వారు ఫలకామనతోబాటు సామర్థ్యమును, అధ్యయనముచే లభించిన అర్థజ్ఞానమును గూడ కోరిరి. జ్ఞానము లేనివాడు అధికారి కాడు. అధికారి కానివానిపై ఆ విధి భారము లేదు. ఈ తర్కము చాటున అనేకులు అధ్యయనమునకు దూరము చేయబడిరన్నది చరిత్రలోని అన్యాయము, దానిని కప్పిపుచ్చరాదు. అయినను ఆ శాస్త్రమునకు ఒక పొందిక యుండెను: ఎవనికి జ్ఞానము నిరాకరించినదో వానిపై యాగభారమును మోపలేదు. మన యాధునిక రాజ్యము ఆ పొందికనైన విడిచి, అర్థమును దాచి భారమును మాత్రము అందరిపై సమముగా మోపుచున్నది. జ్ఞానమును నిరాకరింపక పంచిన దారియు మన దేశమున కలదు. తన బోధను ఛందోబద్ధమైన భాషలో స్థిరపరుతుమని కోరిన శిష్యులను వారించి, ఎవరి పలుకుబడిలో వారు నేర్చుకొనుటకు బుద్ధుడు అనుజ్ఞ ఇచ్చినట్లు వినయపిటకము తెలుపుచున్నది. కామవరపుకోట సమీపమున గుంటుపల్లి బౌద్ధ గుహలున్న ఈ సీమవారికి ఆ సంప్రదాయము పరాయిది కాదు.

స్వతంత్ర భారతమున సర్వోన్నత న్యాయస్థానము ఈ తత్త్వమును కొంతవరకు అంగీకరించినది. జయపుర సంస్థానమున 1923లో నల్లమందును గూర్చి మంత్రిమండలి ఒక శాసనమును తీర్మానించి, దానిని ఎన్నడును ప్రకటింపలేదు. దాని క్రింద శిక్షింపబడిన హర్లా యనువాని వ్యాజ్యమున, 1951లో జస్టిస్ వివియన్ బోస్, ప్రజలకు ఏ విధముగను తెలియజేయని శాసనముచే వారిని దండించుట సహజన్యాయమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. కాని ప్రకటనయన్న నేమి? గెజెట్టులో అచ్చగుటయా, ఆ అచ్చు అర్థమగుటయా? రాజ్యాంగపు 348వ అధికరణము చట్టములకును నియమములకును ఇంగ్లీషు పాఠమునే ప్రమాణము చేసినది; కేంద్ర శాసనములకు ప్రాంతీయభాషలలో ప్రామాణికానువాదము కల్పింప 1973లో ఒక చట్టము వచ్చినను, అనువాదము ఎప్పుడు చేయవలెనన్న నిర్బంధము లేకపోయినది. 2020లో పర్యావరణ ప్రభావ మదింపునకు సంబంధించిన ముసాయిదాను కేంద్రము ఇంగ్లీషు హిందీలలో మాత్రమే వెలువరించి, దేశప్రజలందరి అభ్యంతరములను కోరినది. ఆ యేడు జూన్ 30న ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము, దానిని అష్టమ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి అనువదింపుడని ఆజ్ఞాపించి గడువు పొడిగించినది. చట్టమట్లు నిర్బంధింపలేదని కేంద్రము సర్వోన్నత న్యాయస్థానమున కెక్కగా, ఆగస్టులో ఆ న్యాయస్థానము, అధికారభాషల చట్టమునే సవరించు సంగతి ఆలోచింపుడని సూచించి, ఉన్నత న్యాయస్థానముననే పునఃపరిశీలన కోరుటకు కేంద్రమునకు అనుమతి నిచ్చినది. అభ్యంతరము చెప్పుడని పిలిచి, ఏ విషయమున చెప్పవలెనో వినబడనీయకుండుట ఏ తెగ ఆహ్వానము?

ఇక తెలియజెప్పువానికి గల బాధ్యత వేరొకటి. సులభముగా చెప్పుట వేరు, తేలికచేసి చెప్పుట వేరు. 2017 సెప్టెంబరులో వెలువడిన చిత్తడినేలల నియమములను చూడుడు. చేపల పెంపకమునకై మనుష్యులు నిర్మించిన జలాశయములు చిత్తడినేలలు కావని ఆ నియమముల నిర్వచనమున కలదు. ఈ ఒక్క వాక్యమును తెలుగు చేసి కొల్లేటి గట్టున చదివినచో, చెరువులకు విముక్తి కలిగినదని వినువాడు పండుగ చేసికొనును. చెప్పినవాడు అబద్ధము చెప్పలేదు; అయినను మోసము జరిగినది. ఏలయన, వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి వచ్చు ప్రాంతములకు ఆ నియమములు వర్తింపవని అందే మరియొక చోట వ్రాయబడియున్నది. కొల్లేటి అభయారణ్యము వాటి పరిధిలోనిది కాదు, 1972 చట్టపు పరిధిలోనిది. మినహాయింపును విడిచి విధిని, పరిధిని విడిచి నిర్వచనమును చెప్పుట, మందు పేరు చెప్పి పథ్యము చెప్పని వైద్యము వంటిది. కావున శాసనమును వివరించువాడు, ఉపాధ్యాయుడైనను, పత్రికారచయితయైనను, గ్రామోద్యోగియైనను, అయిదు సంగతులు విడువరాదు: నిన్నటివరకు ఏమున్నది, నేడేమి మారినది, ఎవరికి ఎక్కడ వర్తించును, ఏనాటినుండి, కాదనదలచినవాడు ఎవరిముందు ఎప్పటిలోగా పలుకవలెను. శ్రోతకు ప్రియమగునా కాదా యనునది ఆరవ సంగతిగా గూడ లెక్కకు రాకూడదు.

తెలియజేయుట ప్రజకు సుఖమునే కలిగించునని భ్రమపడనక్కరలేదు. తెలిసినవాడు మీమాంసకుల మాటలో మరుక్షణమున అధికారి యగును. అధికారి యైనవానిపై విధి సంపూర్ణభారముతో పడును. నేడు కొల్లేట చిన్న మత్స్యకారుని అజ్ఞానము వానికొక్కనికే కాదు, వాని పేర చెరువు త్రవ్వించి పెట్టుబడి పెట్టు పెద్దవానికి గూడ ఆశ్రయము. శాసనమంతయు తెలిసిన వాడు, ఏమియు తెలియనివాని వెనుక నిలిచి, గండి కొట్టినప్పుడు పేదవాని కన్నీరును ముందు చూపును. శాసనము తేటతెల్లమైననాడు ఆ చాటు తొలగిపోవును. ఎవడెరిగి చేసెనో, ఎవడెరుగక చేసెనో విడివడును. సరస్సును కాపాడగోరువారు సుబోధమైన శాసనమునకు భయపడనక్కరలేదు. భయపడవలసినవారు దాని అస్పష్టతచే లాభించువారే.

శాసనము తెలియదనుట మన్నింపు కాదన్న సూత్రమును త్రోసివేయుట నా యుద్దేశము కాదు. దానికి లోపించిన రెండవ పాదమును కోరుటయే. ఆ పాదము నూతనకల్పన కాదు, 1972 చట్టమునందే యున్నది: ప్రాంతీయభాషలో చాటింపైన తేదీనుండియే రెండు నెలల లెక్క. ఒక అభయారణ్యపు ఎల్లకు తగిన న్యాయము, కేంద్రము వెలువరించు ప్రతి ముసాయిదాకును ఏల తగదు? అభ్యంతరములకు గడువు ఢిల్లీలో గెజెట్టు అచ్చయిన దినమున గాక, దాని తెలుగుపాఠము పెంటపాడు వంటి గ్రామముల సచివాలయములలో చదువుటకు ఉంచబడిన దినమున మొదలుకావలెనని పార్లమెంటు ఒక్క విభాగము చేర్చినచో చాలును. ఆ పిమ్మట తెలియదన్నవానిని దండించు హక్కు ప్రభువునకు నిస్సంశయముగా సిద్ధించును.