పాళెము వెలుపల ఏడు దినములు
(ధ్యానభాగము: సంఖ్యాకాండము 12:14–15)



కుష్ఠు సోకిన మిర్యాము ఏడు దినములు పాళెము వెలుపల ఉంచబడిన వృత్తాంతము మనము ఎరిగినదే. ఆ వృత్తాంతము చివర ఒక చిన్న సంగతి యున్నది. ఆమె తిరిగి చేరువరకు ఇశ్రాయేలీయుల సమూహమంతయు ప్రయాణము మానుకొని హజేరోతులోనే నిలిచియుండెను.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా ప్రకటించెను. ఆ నెల 22 మొదలుకొని విదేశములనుండి మన దేశమునకు వచ్చు సాధారణ ప్రయాణిక విమానములు ఆపబడెను. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి పొట్టకూటికై కువైటు, దుబాయి వంటి చోట్లకు వెళ్లినవారు అనేకులు అక్కడనే చిక్కుకొనిరి. కొందరికి పని పోయెను. కొందరు కన్నతల్లి కడచూపునకైనను నోచుకొనలేదు. మే 7న వందే భారత్ విమానములు మొదలాయెను గాని, ఛార్జీ ప్రయాణికుడే చెల్లించుకొనవలసి వచ్చెను. దిగినవారు కొన్నిదినములు వేరుగా ఉండిన తరువాతనే ఇల్లు చేరవలెను. సాధారణ రాకపోకలు 2022 మార్చి 27న గాని తిరిగి ఆరంభము కాలేదు.

ఈ కట్టడి క్రూరమైనదా? కాదు. రోగలక్షణములు కనబడకమునుపే ఇతరులకు అంటుకొను వ్యాధి అది. లేవీయకాండము 13వ అధ్యాయములో సహా, అనుమానమున్న వానిని యాజకుడు ఏడు దినములు కడగా ఉంచి మరల పరీక్షించును. పొరుగువాని ప్రాణము కాపాడుటకై మూసిన తలుపు ప్రేమకు విరోధము కాదు.

అయితే రెండు సంగతులు గమనింతము. మొదటిది, మిర్యాముకు గడువు ఏడు దినములే. ఎనిమిదవ దినమున ఆమెను ఎవరును దూరముగా నిలువబెట్టలేదు. గడువు ముగించుకొని వచ్చినవానిని చూచి వీధి తలుపులు వేసికొనుట జాగ్రత్త కాదు, భయమే. మిర్యాము తన తప్పిదమువలన వెలుపల ఉండెను. మనవారైతే ఏ తప్పును చేయక, కూటికొరకు వెళ్లి చిక్కుకొన్నవారు. తప్పిదము చేసినదానినే చేర్చుకొనినయెడల, వీరిని మరి ఎంత ఆదరముతో చేర్చుకొనవలెను!

రెండవది, పాళెము ఆమెకొరకు ఆగెను. విమానములు తిరుగుచున్నవి గనుక సమస్తము చక్కబడెనని మనము ముందుకు సాగిపోవచ్చునా? విదేశపు మట్టిలో తండ్రిని పాతిపెట్టగా ఆ సమాధిని చూడని పిల్లలున్నారు. ఉత్తచేతులతో తిరిగివచ్చి, వెళ్లునప్పుడు చేసిన అప్పు తీర్చుకొనుచున్నవారున్నారు. వీరు సంఘములో మన ప్రక్కనే కూర్చుండియు, మనస్సులో ఇంకను పాళెము వెలుపలనే యుందురు.

కాబట్టి ఈ మాసమున అట్టి ఒక్క గృహమునైనను దర్శింతము. పోయినవారి పేరు పలికి, వారితోకూడ ప్రార్థింతము. అప్పు సంగతి నెమ్మదిగా విచారించి, చేతనైన సహాయము చేయుదము. మరల ఎప్పుడైన తలుపులు మూయవలసి వచ్చినయెడల, వెలుపల చిక్కుకొన్న ప్రతివాని పేరును వ్రాసికొని, వాని ఇంటివారిని ఒక్కొక్క సంఘపెద్ద కనిపెట్టుకొని యుండునట్లు ఏర్పాటు చేసికొందము.

చెదరినవారిని సమకూర్చు ప్రభువు మనలను ఒకరికొరకు ఒకరు ఆగు ప్రజగా చేయును గాక. ఆమేన్.