తిలంగాల ఋణము

1939–45 యుద్ధమున పనిచేసిన మన పూర్వ సైనికుల పేర్లను సంఘ భవనములో ఒక ఫలకముపై చెక్కింపవలెనా యన్న ప్రశ్న వచ్చినప్పుడెల్ల, “వారు తెల్లదొర ఉప్పు తిన్నవారు గదా” యను మాట మనలోనే వినవచ్చును. ఆ మాట త్రోసివేయదగినది కాదు. 1939 సెప్టెంబరులో వైస్రాయి మన నాయకులనైన అడుగక ఈ దేశమును యుద్ధమునకు దింపెను. 1942లో మన యువకులు కొందరు చెరసాలలకు, కొందరు పటాలములకు పోయిరి. అధర్మముగ నెత్తికెక్కిన యుద్ధములో చేసిన సేవ స్మరింపదగినదేనా?

ఆ యుద్ధకాలమున భారత సైన్యము 25 లక్షలకు పెరిగెను. నిర్బంధము లేక, స్వేచ్ఛగా చేరినవారితోనే అంత సైన్యము ఏర్పడెనని చరిత్రకారులు మెచ్చుకొందురు. ఆ “స్వేచ్ఛ” యను మాటయందు మాకు కొంత సందేహము. పస్తులున్న యింటికి నెలనెల జీతము వచ్చు దారి అదొక్కటే యైనప్పుడు దానిని స్వేచ్ఛ యనవచ్చునా? ఆకలికి చేరినవారు, అప్పు తీర్చుటకు చేరినవారు, లోకము చూడవలెనని చేరినవారు అందరును అందులో నుండిరి. చక్రవర్తిపై భక్తితో చేరినవారు బహు కొద్దిమంది యని మా తలంపు.

మనకిది క్రొత్త కథయు కాదు. కంపెనీవారి తొలినాటి సిపాయీలలో తెలుగువారు విస్తారముగ నుండుటచే ఉత్తరదేశమున సిపాయీకి “తిలంగా” యనునదే పేరయ్యెను. 1857లో ఢిల్లీ ప్రజలు తిరుగబడిన సిపాయీలను, వారిలో తెలుగువారు లేకున్నను, తిలంగాలనియే పిలిచిరి. జాతి పేరు వృత్తి పేరయినది! ఇట్టివారిని ఆ పిదప దొరలు “యుద్ధజాతి” కారనిరి. దక్షిణాది పటాలములను తగ్గించుచు వచ్చి, 1920ల నాటికి మద్రాసు రెజిమెంటును రద్దుచేసిరి. అవసరము ముంచుకొని వచ్చినప్పుడు, 1941లో, దానిని మరల నిలిపిరి.

ఇక సేవ యెవరికి జరిగినదను సంగతి. బెంగుళూరు కేంద్రముగాగల మద్రాసు శాపర్ల దళమునకు చెందిన సుబేదారు సుబ్రహ్మణ్యన్, తమిళ సోదరుడు, 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో ప్రేలనున్న మందుపాతరపై తానే పడి, తోడివారిని కాపాడి అసువులు బాసెను. మరణానంతరము జార్జి క్రాసు లభించెను. ఆ క్షణమున ఆయన కాపాడినది సామ్రాజ్యమునా, ప్రక్కనున్న మనిషినా? యుద్ధము నెత్తికెత్తినవారి లెక్క వేరు, యుద్ధములో మనిషి చేసిన పని లెక్క వేరు. రెండును ఒకే పద్దున వ్రాయుట అన్యాయమని మా నిశ్చయము.

చచ్చినవారికి శిలయైన మిగిలినది. రంగూను చేరువనున్న తాక్యాన్ శ్మశానవాటికలో, సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేర్లు స్తంభములపై కలవు. తిరిగివచ్చినవారికి ఆపాటి లేదు. సిపాయీకి పింఛను రావలెనన్న 15 ఏండ్ల కొలువు కావలెను. యుద్ధమునకై చేరి, అది ముగియగానే ఇంటికి పంపబడినవారికి ఆ యోగము లేకపోయెను. కొన్ని రాష్ట్రములు వారికిని వారి వితంతువులకును నెలసరి సహాయ మిచ్చుట చాల పిమ్మటి మాట. మా పెద్దలలో ఒకరు బర్మాలో ఏమి చేసితిరని అడిగిన, “రోడ్లు వేసితిమి” అని ఊరకుండెడివారు. స్వాతంత్ర్యము వచ్చిన దేశములో ఆ మౌనమే వారికి క్షేమముగ తోచియుండును.

1945లో ఇరువది యేండ్లున్నవారికి నేడు నూరు దాటినవి. వారిని అడుగు కాలము దాదాపు గడచినది. కోడండ్రను, మనుమలను అడుగవచ్చును. పెట్టె యడుగున పతకము దొరకినచో దాని అంచును భూతద్దముతో చూడవలెను. భారతీయుల కిచ్చినవానిలో సంఖ్య, పేరు, దళము చెక్కినవి కలవు. డిశ్చార్జి కాగితము చెదలు తినకున్నచో మరియు మేలు. గుమాస్తాగిరి చేసినవారము గనుక పట్టిక గీయుట మా వంతు. “వీరుడు” అను మాటకు అందులో గడి యుండదు. ఊరు, చేరిన యేడు, చేసిన పని, తిరిగివచ్చిన పిదప బ్రతికిన తీరు, వీనికి గడులుండును. ఆకలికై చేరెనని ఇంటివారు చెప్పినచో దానిని అట్లే వ్రాయుదుము.