పేటకు మిగిలిన పేరు

గుంటూరు బ్రాడీపేటలో చిరునామా భిన్నాంకముగా నుండును: పైన లైను, క్రింద అడ్డరోడ్డు, 4/14 అన్నచో రిక్షావాడు మారుమాటాడక తొక్కును. వీధులకు అంకెలు దక్కినవి, పేటకు మాత్రము దొరగారి పేరు. ఆయన ముఖమెట్టిదో ఎరుగని నోళ్ళలో, కూరగాయల బేరముల నడుమ, ఆ నామము నేటికిని నలుగుచున్నది.

నామరూపములు రెండును నశ్వరములని వేదాంతులందురు గదా, మరి రూపము పోయిన పిమ్మట నామమొక్కటియే ఇంతకాల మెట్లు నిలుచుచున్నది? ఛాందోగ్యమున సనత్కుమారుడు, చతుర్వేదములు మొదలు సర్వవిద్యలను ఏకరువు పెట్టిన నారదునితో, నీవు నేర్చినదంతయు నామమాత్రమే యనెను. అయినను ఆ నామమునే బ్రహ్మముగా ఉపాసింపుమని చెప్పి, అంతకు మించినది వాక్కనియు తెలిపెను. వీధిపేరు స్మృతి యని మనమనుకొందుము గాని, అది మరపునకే మరియొక వేషమని నా అనుమానము.

హైదరాబాదులో ఆరవ నిజాము కొలువుననుండిన ఆబిద్ దుకాణము మాయమైనది. కండక్టరు 'అబిడ్స్' అని కేకవేయగా దిగువారు దిగుచునే యున్నారు.