పాత బండి - కాయక ధర్మము

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో ఉత్పత్తి నారంభించి 1996లో మూతపడినది. అచట తయారైన జావా, యెజ్డీ మోటారు సైకిళ్లు నేటికిని కొందరి యిండ్లలో నడచుచున్నవి. ఖమ్మము జిల్లా తిరుమలాయపాలెము వంటి గ్రామమున అట్టి బండిని ఇంటివద్దనే బాగుచేసికొనుట పొదుపా, లోభమా, మమకారమా యను ప్రశ్న పుట్టుట సహజము.

బసవేశ్వరుని మార్గమున కాయకము శివపూజతో సమానము. అయితే చేతిపని యెల్లయు కాయకము కాజాలదు. దానికి మితము, శుద్ధభావము కావలెను. ఆ బండ్ల రెండు స్ట్రోకుల ఇంజనునకు పెట్రోలులో నూనె కలుపవలెను. నూనె తగ్గినచో పిస్టను వేడెక్కి బిగుసుకొనిపోవును. మించినచో ప్లగ్గు మసిబారును, పొగ పొరుగువారిని బాధించును.

ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించి బియ్యము తెచ్చినపుడు, దానిని తిరిగి యిచ్చిరమ్మని ఆయన భార్య లక్కమ్మ చెప్పినదని శరణుల చరిత్ర. ఉన్నదానిని కాపాడుకొని క్రొత్తదానికై ఆశపడకుండుట ఆ బాటయే. కాని బ్రేకు సరిగా పట్టకున్నను ఖర్చునకు వెనుదీయువాడు పొదుపరి కాడు; ఎదుటివాని ప్రాణమును పణముగా పెట్టుచున్నాడు. గేరుబాక్సునుండి తీసిన పాత నూనెను బావిచెంత పారబోయువాడు ఊరి నీటిని చెరచుచున్నాడు. తనకు చేతగాని పనిని మెకానిక్కున కప్పగించి, బేరమాడక తగిన కూలి నిచ్చుటయు ధర్మమే. అతని శ్రమయు కాయకమే గదా!

బాగుపడిన బండి అర్ధరాత్రి పొరుగింటి రోగిని ఖమ్మము ఆసుపత్రికి చేర్చినచో ఆ శ్రమ దాసోహమగును. తుడిచి, మెరుపు చూచుకొని, ఒరులకు అక్కరపడినపుడు తాళము దాచినచో మిగులునది మమకారమే.