మొహమాటానికి ఎక్కకూడని కొండ

భయపడటానికి ఎదురు డబ్బిచ్చేవాళ్ళుంటారంటే కాస్త విడ్డూరంగానే వుంటుంది. బల్లిని చూసి కెవ్వుమనడానికి మనకెవరూ టిక్కెట్టు అమ్మనక్కర్లేదు. పిల్లల పరీక్షా ఫలితాలూ, అర్ధరాత్రి మోగే ఫోనూ, నెలాఖరున చెప్పాపెట్టకుండా దిగే చుట్టాలూ భయాన్ని ఉచితంగానే ఇంటికి తెచ్చిపెడుతూంటాయి. అలాంటిది, ఆ భయం కోసమే ఏడాది పొడుగునా డబ్బు కూడబెట్టి, సెలవులు దాచుకుని, సముద్రాలు దాటి వెళ్ళేవాళ్ళున్నారు. ఒకళ్ళూ ఇద్దరూ కాదు, పాతికమందీ ముప్ఫైమందీ కలిసి, కాశీయాత్రకి బయల్దేరినట్టు బయల్దేరతారు. వాళ్ళ కాశీ, వాళ్ళ రామేశ్వరం అన్నీ రోలర్ కోస్టర్లే.

రోలర్ కోస్టరంటే మనకి తెలియనిదేం కాదు. ఎత్తయిన పట్టాలమీద పరిగెత్తే చిన్నరైలు. బయల్దేరగానే గొలుసొకటి దాన్ని కటకటమంటూ పైకి లాక్కుపోతుంది. కొమ్ము చేరాక వదిలేస్తుంది. ఇక ఇంజనూ లేదు, పెట్రోలూ లేదు. భూమి లాగుతూంటే పడటమే, పడ్డ వేగంతో మళ్ళీ లేవడమే. కొత్తగా కడుతున్నవాటిలో కొన్నింటిని ముందుకి విసిరే యంత్రాలున్నాయిగానీ, పాతపద్ధతి ఇది. దీని పుట్టిల్లు రష్యా. 17వ శతాబ్దంలో అక్కడ చలికాలంలో చెక్కలతో ఎత్తుగా కట్టి, దానిమీద మంచు గడ్డకట్టించి జారేవాళ్ళట. అందుకే ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ వీటిని 'రష్యా కొండలు' అంటారు. రష్యావాళ్ళు మాత్రం 'అమెరికా కొండలు' అంటారు. మనింట్లో పుట్టిన అల్లరిని పక్కింటివాళ్ళ మీదికి నెట్టడం అన్ని దేశాల్లోనూ వుందన్నమాట!

1884లో న్యూయార్కు దగ్గర కోనీ ఐలండ్‌లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన ఇలాంటి రైలొకటి పెట్టి, మనిషికి 5 సెంట్లు పుచ్చుకున్నాడు. దాని వేగం గంటకి పది కిలోమీటర్ల లోపే. కుర్రాడి సైకిలు అంతకంటే జోరుగా పోతుంది. అయినా జనం బారులు తీరారు. ఆ మోజు అక్కడితో ఆగలేదు. 1978లో అమెరికాలో 'అమెరికన్ కోస్టర్ ఎంథూసియాస్ట్స్' అనే సంఘం పుట్టింది. 1988లో బ్రిటన్‌లో 'రోలర్ కోస్టర్ క్లబ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్' వచ్చింది. వీళ్ళు పార్కులవాళ్ళతో ముందే మాట్లాడుకుని, మామూలు జనం రాకముందో, వెళ్ళాకో ఓ గంటసేపు బండిని తమకోసమే నడిపించుకుంటారు. ఎన్ని వేరువేరు కోస్టర్లు ఎక్కారో వేళ్ళమీద లెక్కపెట్టుకుంటారు, మనవాళ్ళు ఎన్ని క్షేత్రాలు చూశారో చెప్పుకున్నట్టు.

సరే, ఇలాంటి బృందమొకటి జపాన్ యాత్ర తలపెట్టిందనుకోండి. ఏర్పాట్లన్నీ చూసే బాధ్యత ఒకావిడ మీద పడిందనుకోండి. పెళ్ళిపనులు నెత్తిన వేసుకున్న పెద్దకోడలికీ ఆవిడకీ ఆట్టే తేడా వుండదు. ముందు ముహూర్తం చూడాలి. ఏప్రిల్ చివరినుంచి మే మొదటివారం దాకా జపానువాళ్ళకి వరస సెలవులు. పార్కుల్లో ఇసక వేస్తే రాలదు. జూన్, జూలైల్లో ముసురు. ఆగస్టు, సెప్టెంబరుల్లో తుఫాన్లు. గాలి గట్టిగా వీస్తే పెద్ద కోస్టర్లు ఆపేస్తారు. ఫ్యూజీ పర్వతం దాపులనున్న ఫ్యూజీ-క్యూ హైలాండ్ చూడాలి. అక్కడ 1996లో కట్టిన 'ఫుజియామా' 79 మీటర్ల ఎత్తు. 2011లో వచ్చిన 'తకబిషా' 121 డిగ్రీల వాలు. 90 డిగ్రీలంటేనే నిట్టనిలువు కదా, ఇది అంతకంటే లోపలికి మడిచి పడేస్తుంది. అక్కణ్ణించి ఎంతో దూరాన, నగోయా దగ్గర నగషిమా స్పా లాండ్ వుంది. అక్కడి 'స్టీల్ డ్రాగన్ 2000' ఎత్తు 97 మీటర్లు, పట్టాల పొడవు 2479 మీటర్లు. బస్సులు, గదులు, భోజనాలు, శాకాహారులెవరు, ఎవరు ఎవరితో గది పంచుకుంటారు, ఇవన్నీ కాగితంమీద పెట్టాలి. తీరా అంతా అయ్యాక అసలు కోస్టరే వుండకపోవచ్చు. ఫ్యూజీ-క్యూలోనే 'దొ-దొదొంపా' అని మహావేగంగా పోయేదొకటి వుండేది. ఎక్కినవాళ్ళలో కొందరికి ఎముకలు విరిగాయని తేలడంతో 2021 ఆగస్టులో ఆపేశారు. 2024లో శాశ్వతంగా మూసేస్తున్నామని ప్రకటించారు.

ఈ లెక్కలన్నీ ఓపికున్నవాళ్ళు చేసుకోగలరు. ఏ లెక్కకీ అందనిది ఒకటుంది. ముప్ఫైమందీ అంతదూరం వచ్చి, క్యూలో రెండుగంటలు నిలబడి, తీరా బండి ముందుకొచ్చాక ఒకావిడ మెల్లిగా, "నేనెక్కనండీ" అంటుంది. అప్పుడేం చెయ్యాలి?

ఏం చేస్తారో మనకి తెలుసు. "ఇంతదూరం వచ్చి ఎక్కకపోవడమేమిటండీ?" అంటుంది ఒకావిడ. "టిక్కెట్టు దండగ కదూ!" అంటాడు ఇంకొకాయన. "చిన్నపిల్లలే ఎక్కుతూంటే!" అని మూడో గొంతు. అందరూ నవ్వుతూనే అంటారు, ప్రేమగానే అంటారు. ఆ నవ్వుల మధ్య ఆవిడ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి కూర్చుంటుంది. నలుగురితో నారాయణ.

ఇందులో తప్పేముంది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. "ఆవేళ వాళ్ళు బలవంతపెట్టారు కాబట్టి ఎక్కాను, లేకపోతే ఆ ఆనందం నాకు తెలిసేదే కాదు" అని తరవాత మురిసిపోయేవాళ్ళు నిజంగానే వుంటారు. ఈతైనా, సైకిలైనా, వేదికెక్కి మాట్లాడటమైనా, ఎవరో ఒకరు వెనకనుంచి తోస్తేనే కదా మనలో చాలామందికి వచ్చింది! మరైతే స్నేహితురాలి భయం పోగొట్టడం పుణ్యమే కదా?

కానీ ఒకటి ఆలోచించండి. బాగుందన్నవాళ్ళు పదిమందికీ చెప్తారు. బాగులేనివాళ్ళు పెదవి విప్పరు. వచ్చే ఏడు యాత్రకి రమ్మంటే, "ఇంట్లో పనుందండీ" అంటారు, అంతే. అందుకని బలవంతపెట్టేవాళ్ళ చెవికి ఎప్పుడూ పొగడ్తలే చేరతాయి. తమ బలవంతం అందరికీ మేలే చేసిందని వాళ్ళు గట్టిగా నమ్ముతారు.

అట్లతద్ది ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. ఒకమ్మాయి "ఇంకా ఎత్తుకి, ఇంకా ఎత్తుకి" అంటూ వూగుతుంది. ఆమె గుండె గొంతులోకి వస్తూనే వుంటుంది, అయినా అది ఆనందమే. ఇంకో అమ్మాయి "చాలు, ఆపండే" అంటూంటే వెనకవాళ్ళు నవ్వుతూ మరింత గట్టిగా వూపుతారు. ఉయ్యాల ఒకటే, తాడు ఒకటే, ఎత్తూ ఒకటే. మొదటిది ఆట, రెండోది హింస. రెండింటికీ మధ్య వున్నది ఒక్కమాట, 'సరే' అన్నమాట. ఆ మాట అనవలసింది వూగేవాళ్ళు, వూపేవాళ్ళు కాదు. 97 మీటర్ల ఇనపకొండకీ ఇదే ధర్మం. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకరు చేతులెత్తి కేరింతలు కొడుతూంటే, ఒకరు కళ్ళు మూసుకుని ఎప్పుడాగుతుందా అని దేవుణ్ణి తలుచుకుంటూ వుండొచ్చు. యంత్రానికి ఆ తేడా తెలియదు. తోటిమనిషికి తెలియాలి.

అందుకే, ఏర్పాట్లు చేసే ఆవిడ మొదట రాసిపెట్టవలసిన నియమం నా దృష్టిలో ఇది: వద్దన్నవాళ్ళని 'ఎందుకు' అని అడగకూడదు. ఎందుకంటారా? గర్భిణులు ఈ బళ్ళు ఎక్కకూడదని పార్కులన్నీ బోర్డులు పెడతాయి. బృందంలో ఒకమ్మాయికి ఇంకా రెండో నెలే అనుకోండి. అమ్మకైనా చెప్పుకుందో లేదో! ముప్ఫైమంది కారణం అడిగితే పాపం ఏం చెప్తుంది? గుండెజబ్బూ, మెడనొప్పీ, ఈమధ్యే అయిన ఆపరేషనూ అంతే. కారణం చెప్పుకుంటేగానీ విడుదల దొరకదంటే, చెప్పుకోలేని కారణాలున్నవాళ్ళే అందరికంటే ముందు ప్రమాదంలో పడతారు.

ఇంకో సంగతుంది. కాస్త ఒళ్ళున్న మనిషి సీట్లో కూర్చున్నాక, ఒళ్ళోకి దిగే కడ్డీ సరిగ్గా పడకపోతే దింపేస్తారు. రెండుగంటలు నిలబడ్డాక, అన్ని కళ్ళముందూ దిగి వెనక్కి నడిచి రావాలి. ఆ నాలుగడుగుల దూరం ఆవిడకి ఎంత పొడుగో చెప్పనక్కర్లేదు. అందుకే చాలా పార్కుల్లో, క్యూ మొదలయ్యేచోటే సరిచూసుకోవడానికి ఒక సీటు విడిగా పెడతారు. ఫలానాచోట అలాంటి సీటుందని యాత్రకి ముందే అందరికీ పంపే కాగితంలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు. ఎవరి పేరూ ఎత్తకుండా ఎవరి పరువో నిలబడుతుంది.

ఇదంతా వద్దనేవాళ్ళ సంగతి. ఎక్కుతానన్నవాళ్ళని ఆపడమూ ఈ తప్పుకి తోబుట్టువే. అరవై దాటిన ఆవిడ సరదాపడి ముందుకొస్తే, "ఈ వయసులో మీకెందుకండీ, సంచులు చూసుకుంటూ ఆ బెంచీమీద కూర్చోండి" అనేస్తారు. ఆవిడ గుండె సంగతి ఆవిడా ఆవిడ డాక్టరూ చూసుకుంటారు. మన వెటకారంతో పనేముంది? జపాన్‌లో కొన్ని పెద్ద కోస్టర్లకి ఇంత ఎత్తుండాలనే కాదు, ఇంత వయసు దాటకూడదనే నిబంధన కూడా వుంది. దాన్ని మార్చడం మనచేతిలో లేదు. కానీ ఆ మాట డబ్బు కట్టకముందే చెప్పడం మనచేతిలో వుంది. తెలిసి మానుకోవడం వేరు, గుమ్మందాకా వెళ్ళి వెనక్కి రావడం వేరు.

ఇక సంచుల సంగతి. ఏ విహారానికి వెళ్ళినా సంచులకాపలా ఎవరిదో మీకు వేరే చెప్పాలా? ఎక్కననే మనిషి వుంటే, ముప్ఫైమంది కళ్ళజోళ్ళూ, ఫోన్లూ, కోట్లూ ఆవిడ ఒళ్ళోకి వచ్చిపడతాయి. ఆవిడ గంటకి విలువ లేదనుకుంటారు. సామాను పెట్టుకునే పెట్టెలు పార్కుల్లో వున్నాయి. ఇంకో వెసులుబాటూ వుంది. ఫ్యూజీ-క్యూలో 2018 జూలైనుంచి లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు తీసేసి, ఎక్కినవాటికే డబ్బు పుచ్చుకోవడం మొదలుపెట్టారు. అలాంటిచోట్ల ఎక్కనివాళ్ళకి అనవసరంగా పూర్తి టిక్కెట్టు కొనకుండా, ఆ సాయంత్రం ఫ్యూజీ కొండని తీరుబాటుగా చూసుకోమని వదిలెయ్యొచ్చు.

ఓటు వేసి తేల్చుకుందామంటారు కొందరు. బస్సు ఎన్నింటికి కదలాలి, భోజనం ఎక్కడ, ఇలాంటివి ఓటుకి పెట్టొచ్చు. బస్సు అందరిదీ. గుండె మాత్రం ఎవరిది వాళ్ళదే. ఇరవైతొమ్మిదిమంది చేతులెత్తినా ముప్ఫయ్యో మనిషి గుండెదడ తగ్గదు.

నిజానికి ఈ సంగతి కోస్టర్లు నడిపేవాళ్ళకే బాగా తెలుసుననిపిస్తుంది. చాలాచోట్ల బండి ఎక్కే గట్టుదగ్గర, చివరి క్షణంలో మనసు మారినవాళ్ళు పక్కనుంచి దిగి వెళ్ళిపోవడానికి దారి వుంటుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి వేళాకోళంగా 'చికెన్ ఎగ్జిట్' అని పేరు పెట్టుకున్నారు. కోడి వాళ్ళ భాషలో పిరికితనానికి గుర్తు. పేరు ఎలాగున్నా, ఆ ఆట మొత్తానికి మర్యాద తెచ్చిపెట్టింది ఆ చిన్నదారే. అది వుంది కాబట్టే ఎక్కినవాళ్ళ ధైర్యం వాళ్ళ సొంతమవుతుంది. దిగే దారి లేనిచోట ఎక్కడం ధైర్యమెలా అవుతుంది చెప్పండి?

కొండలు ఎక్కించే ఆవిడ ఎలా వుండాలో చెప్పడానికి జపాను దాటి డెన్మార్కు వెళ్ళాలి. కోపెన్‌హేగెన్‌లోని టివోలీ తోటలో 1914లో కట్టిన చెక్క కోస్టరొకటి వుంది. దాని పేరు రుట్‌షెబానెన్. ఈనాటి కోస్టర్లకి బ్రేకులు పట్టాలలోనే వుంటాయి. దీనికి మాత్రం రైల్లోనే ఒక మనిషి జనంతోపాటు కూర్చుని, ఎక్కడ నెమ్మదించాలో అక్కడ బ్రేకు వేస్తూంటాడు. అందరితోపాటు తనూ ఎక్కుతాడు, అందరితోపాటు తనూ పడతాడు. చెయ్యి మాత్రం బ్రేకుమీద వుంటుంది.

జపాను యాత్రకి డబ్బు కూడబెట్టేవాళ్ళు మనలో ఆట్టేమంది వుండకపోవచ్చు. కానీ పెళ్ళివారి బస్సులున్నాయి, కాలనీవాళ్ళ పిక్నిక్కులున్నాయి, ఆడపడుచులంతా కలిసి వెళ్ళే తీర్థయాత్రలున్నాయి. వాటిలో ఎవరో ఒకరు "నేను రాను, మీరు వెళ్ళిరండి" అంటూనే వుంటారు. ఈసారి ఎవరైనా అలా అంటే, రెండోమాట అడక్కుండా "సరేనమ్మా, నీకు మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందో చూద్దాం" అని చూడండి. మొహమాటం లేకుండా ఆగిపోగలిగిన మనిషి, రేపు తనంతట తనే ముందుకొచ్చి ఎక్కవచ్చు. ఎక్కకపోనూవచ్చు. ఎలాగైనా వచ్చే ఏటి యాత్రకి మాత్రం తప్పకుండా వస్తుంది.