అప్పగింపబడిన మాటలు

ఇల్లు మారునప్పుడు సామానంతయు బండి కెక్కించిన తరువాత కూడ ఒకసారి గదులన్నియు తిరిగి చూచి తలుపు వేయుదుము. అటక మీద ఏమైన మిగిలెనా, గూటిలో ఏమైన మరచితిమా యని చూతుము. ఫోను మార్చునప్పుడు ఇట్లు చూచువారు బహు తక్కువ. దుకాణములో పాతది యిచ్చి కొత్తది పుచ్చుకొని, పేర్లును నంబర్లును వచ్చినవి గదా యని సంతోషించి యింటికి వత్తుము. వ్రాతల సంగతి వారము దినములకు గాని జ్ఞాపకమునకు రాదు.

“మాకేమి వ్రాతలు?” అని మీలో కొందరు అడుగవచ్చును. కొంచెము ఆలోచించుడి. ఆదివారపు వర్తమానము కొరకు ఉపదేశి వ్రాసికొన్న అంశములు నేడు ఫోనులోనే యున్నవి. సంఘపు చందాల లెక్క అందులోనే. స్త్రీల సమాజములో ప్రార్థన కోరినవారి పేర్లు అందులోనే. ఒక పల్లెటూరివాడు విశాఖపట్టణము ఓడరేవులోనో ఉక్కు కర్మాగారములోనో పని చేయుచున్నాడనుకొనుడి. అతని తల్లికి చదువు రాదు గాని పాటలు కట్టును. సెలవులకు వెళ్లినప్పుడు ఆమె పాడుచుండగా అతడు వాటిని ఫోనులో వ్రాసికొని తెచ్చుకొన్నాడు. ఆమె పోయిన తరువాత ఆ పాటలు లోకములో మరెక్కడ నుండును?

ఇక్కడ భక్తిగలవాడొకడు ఒక ఆక్షేపణ చెప్పును. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. “చిమ్మెటయు తుప్పును తినివేయు ధనమును కూర్చుకొనవద్దని నేర్చుకొన్న మనము, మన వ్రాతలకు ప్రతులు, ఆ ప్రతులకు మరల ప్రతులు చేసి దాచుకొనుట గర్వము కాదా? పోవునది పోనిమ్ము” అని అతడనును.

తన సొంత మాటల మట్టుకు అతడు చెప్పినది న్యాయమే. నేను వ్రాసిన వ్యాసము పోయినయెడల లోకమునకు నష్టమేమియు లేదు. సంపాదకునికి ఒకటి రెండు పుటలు ఖాళీ మిగులును, అంతే. గాని తల్లి పాట కుమారునిది కాదు. సంఘపు లెక్క ఉపదేశిది కాదు. ఏలీషా శిష్యులలో ఒకని గొడ్డలి యొర్దానులో పడినప్పుడు అతడు మొరపెట్టినది అది ఖరీదైనదని కాదు, ఎరవు తెచ్చుకొన్నదని. తన సొమ్మును నదిలో పారవేసికొనువానిని విరాగి యనవచ్చును. పొరుగువాని సొమ్మును పారవేసి, దానికి వైరాగ్యమని పేరు పెట్టుకొనుటకు మనకు అధికారము లేదు.

ఈ ప్రశ్న విశాఖపట్టణమునకు కొత్తది కాదు. 1805లో లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజెసు అను ఇద్దరు ఈ పట్టణమునకు వచ్చి, తెలుగు నేర్చుకొని, సువార్తలను తర్జుమా చేయసాగిరి. క్రీస్తును నమ్ముకొనిన ఆనందరాయరు అను బ్రాహ్మణుడు వారికి తోడ్పడెను. 1809లో క్రాను మరణించెను. మరుసటి సంవత్సరమే డెగ్రాంజెసును మరణించెను. పని సగములో నున్నది. అయినను మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడును 1812లో బెంగాలునందలి సేరంపూరు ముద్రాలయములో అచ్చుపడెను. మనుష్యులు సమాధిలో నుండిరి గాని వారి కాగితములు వారితో కూడ పాతిపెట్టబడలేదు. అవి వేరొకరి చేతికి చేరినవి. వారి తరువాత ఇక్కడికి వచ్చిన ప్రిచెట్టు దొర కొత్త నిబంధన యంతయు తర్జుమా చేసెను.

ఆ సేరంపూరు ముద్రాలయములోనే, అదే 1812వ సంవత్సరము మార్చి 11వ తేదీ సాయంకాలమున అగ్ని పుట్టెను. ఆ దినమున విలియం కేరీగారు కలకత్తాలో నుండిరి. కాగితపు నిల్వలు కాలెను, అనేక భాషల అచ్చక్షరములు కరిగిపోయెను, ఆయన చేవ్రాత ప్రతులు బూడిదయ్యెను. వాటిలో ఆయన కూర్చిన తెలుగు వ్యాకరణమును, పలు భాషల మాటలతో కట్టుచున్న ఒక గొప్ప నిఘంటువును ఉండెను. అయితే అక్షరములను పోతపోయుటకు మూలమైన ఉక్కు అచ్చులు బూడిదలో చెడక దొరకెను. కరిగిన లోహమును పోగుచేసి, మరల అక్షరములు పోతపోసి, కొద్ది నెలలలోనే అచ్చుపని సాగించిరి. చేవ్రాతలకు అట్టి మూలము వేరొక చోట లేదు. కేరీగారు మరల కూర్చుండి వ్రాసిరి. తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. ఆ గొప్ప నిఘంటువు మాత్రము ఎన్నటికిని వెలువడలేదు.

యెహోయాకీము రాజు గ్రంథమును కాల్చినప్పుడు బారూకు మరల వ్రాయగలిగెను. ఏలయనగా మరల చెప్పుటకు యిర్మీయా బ్రదికియుండెను. చెప్పినవారు లేకపోయిన తరువాత పోయిన మాటకు బారూకు ఏమి చేయగలడు? కేరీగారు అజాగ్రత్తపరుడని ఎవడును అనజాలడు. ఒక ప్రతికి మరియొక ప్రతి చేతితో వ్రాయుటకు నెలలు పట్టిన కాలమది. మనకు ఒక నిమిషము చాలును.

ఆ నిమిషములో చేయవలసినదేమో పలువురికి తెలియదు గనుక చెప్పుచున్నాను. ఫోను తనంతట తానే అన్నిటిని దాచుననుట సగము సత్యము. గూగుల్ ఖాతాలో నున్న పేర్లును నంబర్లును, అదే ఖాతాతో కొత్త ఫోను తెరచినప్పుడు వచ్చును. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ మాటలు ఆ ఖాతాలో భద్రమగునట్లు మనము ముందుగా ఏర్పాటు చేసినయెడల వచ్చును. ఏదో యొక చిన్న యాప్‌లో వ్రాసికొన్నవి దాని లోపలనే యుండి, యాప్ తీసివేయగానే దానితో కూడ పోవుట కలదు. కావున వ్రాతను దానిలోనుండి బయటికి తీసి, సాదా ఫైలుగా చేసి, ఒక ప్రతిని తన ఈమెయిలుకు పంపుకొని, మరియొకటి మెమొరీ కార్డులో గాని పెన్‌డ్రైవులో గాని ఉంచవలెను. రెండు చోట్లు ఎందుకనగా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు దినముల తరబడి కరెంటు లేదు, ఫోనులు పలుకలేదు. దూరమున మాత్రమే దాచినది అట్టి దినమున అందదు. ఇంటిలో మాత్రమే దాచినది కప్పుతో కూడ ఎగిరిపోవచ్చును.

ఓడ సరకు దించునప్పుడు ఒడ్డున గుమాస్తా నిలిచి మూటలు లెక్కపెట్టును. లెక్క కుదిరిన తరువాత గాని చేవ్రాలు చేయడు. అట్లే కొత్త ఫోనులో ఫైలు పేరు కనబడిన చాలదు. తెరచి కడపటి పంక్తి వరకు చదువవలెను. తెలుగు వ్రాసికొనువారికి ఇది మరింత అవసరము. అచ్చుపనివారు అను ఫాంట్లతో కూర్చిన పుటలలో ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములు పెట్టబడియుండును. ఆ ఫాంటు లేని ఫోనులో అదే పాట అర్థములేని గుర్తుల కుప్పగా కనబడును. ఫైలు వచ్చినది, పాట రాలేదు! 1991లో వెలువడిన యూనికోడ్ మన ప్రతి అక్షరమునకు దాని సొంత సంఖ్య నిచ్చినది. అట్టివి యూనికోడ్‌లోనికి మార్చుకొన్నయెడల ఏ ఫోనైనను చదువును.

పాత ఫోను సంగతి మిగిలినది. భర్త త్రాగుడును గూర్చి ఒక సహోదరి కన్నీటితో చెప్పుకొన్న మాట ఉపదేశి ఫోనులో నున్నదనుకొనుడి. అది కూడ అప్పగింపబడిన మాటయే. అయితే దానిని మూడు చోట్ల దాచుట నమ్మకద్రోహము. దుకాణదారుని చేతికి వెళ్లనిచ్చుట అంతకంటె గొప్ప ద్రోహము. దానిని కొత్త ఫోనునకు తేనక్కరలేదు. ప్రార్థనకు జ్ఞాపకము చాలును. పాతది ఇచ్చివేయకమునుపు, కావలసినవన్నియు చేరినవని చూచుకొని, ఖాతాలనుండి బయటికి వచ్చి, సిమ్మును కార్డును తీసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి లోపల నున్న దంతయు చెరిపివేయవలెను. ఏది కాపాడవలెను, ఏది చెరపవలెను అని యంత్రము చెప్పదు. ఆ మాట ఎవరిదో వారిని తలంచుకొనినయెడల చాలవరకు తెలియును. తెలియనప్పుడు వారినే అడుగవచ్చును.

ఆ కుమారుడును తల్లిని అడుగవలెను. పండుగకు ఊరు వెళ్లినప్పుడు కొత్త ఫోను తెరచి ఆమె పాటను ఆమెకే చదివి వినిపించి, “అమ్మా, దీన్ని పదిమందికీ ఇమ్మంటావా?” అని అడుగవలెను. ఆమె విని, “రెండో చరణంలో ఆ మాట కాదురా బాబూ” అనినను అనవచ్చును. అప్పుడు ప్రతులన్నిటిలోను ఆ మాట దిద్దుకొనవలెను.