క్రొత్త పచ్చిక క్రింద పాత తుంగ

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



మఠముల ముంగిళ్ళను, కల్యాణమంటపముల ఆవరణలను, పట్టణములలో ఇండ్ల ముందరి జాగాలను పచ్చికతో తీర్చుట ఈనాడు అంతటను కనిపించుచున్నది. పాత గడ్డి ఎండి, నడుమ నడుమ మట్టి తేలి, చూపునకు వికారముగా నున్నప్పుడు దానిని చెక్కించి పారవేయుదురు. నర్సరీలవారు పెంచి, వేళ్ళతోను పలుచని మట్టిపొరతోను చాపలవలె కోసి తెచ్చిన క్రొత్త పచ్చికను ఆ నేలపై పరతురు. ఉదయము బోడిగా నున్న నేల సాయంకాలమునకు పచ్చని తివాచీ యగును. చూచినవారందరు మెచ్చుకొందురు. పది పదునైదు దినములు గడచునప్పటికి ఆ తివాచీలో అచ్చటచ్చట, తక్కిన గడ్డికన్న ఎత్తుగా, నిగనిగలాడుచు, నిటారుగా కొన్ని మొలకలు లేచును. అది తుంగ. యజమాని మొదట పచ్చిక అమ్మినవానిని నిందించును. పిదప తోటమాలిని నిందించును. కత్తెర తెప్పించి పైపైన కత్తిరింపించును. వారము తిరుగకుండ తుంగ మరల తలయెత్తును.

సేద్యము చేయు కుటుంబములలో పుట్టినవారికి ఇందలి మర్మము తెలియును. తుంగ బలము ఆకులో లేదు, గడ్డలో నున్నది. వైద్యులు తుంగముస్తలని వాడు గడ్డలివియే. నల్లని తొక్కతో, ఒక విధమగు సువాసనతో, చూచుటకు మిక్కిలి చిన్నవి. నేల లోపల సన్నని తీగవంటి కాండము ఒక గడ్డనుండి మరియొక గడ్డకు సాగుచు, దారమున గ్రుచ్చిన పూసలవలె వానినన్నిటిని కలిపి యుంచును. పెక్కు గడ్డలు జానెడు లోతులోనే యుండినను, కొన్ని అంతకన్న దిగువకు పోవును. ఒక గడ్డ మొలకెత్తి యుండగా దానితో కూడిన తక్కినవి నిద్రించుచుండును. పారవేటుకు ఆ తీగ తెగినచో నిద్రించుచున్న ప్రతి గడ్డయు వేరువేరుగా మేల్కొని మొలచును. కావుననే పైపైన చెక్కినవాడు ఒక మొక్కను తీసి పది మొక్కలను నాటినవాడగుచున్నాడు.

తుంగ మొలక మొన సూదివలె వాడియైనది. పలుచని ప్లాస్టిక్ పరదాను సైతము చీల్చుకొని పైకి రాగలదు. అట్టిదానికి లేత పచ్చిక చాప ఒక అడ్డగునా? పైగా క్రొత్త పచ్చిక కొరకు వేసిన ఎరువును, పెట్టిన నీరును దానికి కూడ అందుచున్నవి. పచ్చిక వేళ్ళు క్రింది నేలను పట్టుటకు రెండు మూడు వారములు కావలెను. తుంగ వేరు అంతకు ముందునుండియు అక్కడనే యున్నది. క్రొత్తది అతిథి, పాతది ఇంటివాడు.

ఈ విషయమును ఇంత విస్తరించి చెప్పుటకు కారణము కలదు. మనము ఇష్టలింగమును ధరించిన దినమున మన జీవితమను నేలపై క్రొత్త పచ్చిక పరచబడినది. నొసట విభూతి, కంఠమున రుద్రాక్ష, నోట పంచాక్షరి, కరస్థలమున లింగము వచ్చినవి. ఆ పచ్చదనము నిజమైనదే. గురువు అనుగ్రహించిన దీక్షలో లోపము లేదు. కాని ఆ పచ్చిక పరచిన నేల ఎట్టిది? తరతరములుగా అందులో పాతుకొన్న జాత్యభిమానమను తుంగగడ్డను మనము తీసితిమా, లేక దానిపైననే పచ్చిక పరచితిమా?

ఈ ప్రశ్నకు ఉత్తరము మఠములో దొరకదు. మఠములో అందరము పచ్చగనే యుందుము. ఇంటిలో పెండ్లి మాట వచ్చిన దినమున దొరకును. వరుడు విద్యావంతుడు, నిత్యము లింగపూజ చేయువాడు, దురభ్యాసములు లేనివాడు అని విన్నంతవరకు అందరి ముఖములును వికసించి యుండును. అంతలో పెద్దలలో నొకరు మెల్లగా అడుగుదురు: “వారు ఏ శాఖవారు? దీక్షకు పూర్వము వారి పెద్దలు ఏమిటివారు?” ఆ ప్రశ్న పుట్టిన చోట పచ్చిక చీలినది, తుంగ మొలచినది. జంగములమని, లింగబలిజలమని, ఆరాధ్యులమని, కన్నడసీమలోనైన పంచమసాలులమని, బణజిగలమని, గాణిగలమని మనము చెప్పుకొను పేర్లలో దోషము లేదు. కొన్ని ఆచార్యస్థానమును, కొన్ని పెద్దలు చేసిన కాయకమును తెలుపు పేర్లు. కాని ఆ పేరును చూపి ఒకని యింట భుజింప నిరాకరించినను, ఒకని బిడ్డను కోడలిగా తెచ్చుకొనుటకు వెనుదీసినను, ఆ పేరు అంతటితో విషపు గడ్డ యగుచున్నది.

పంచాచారములలో శివాచారమును మనము ప్రతిదినము పేర్కొందుము. లింగధారులందరు సమానులని, దీక్ష పొందినవాని పూర్వకులమును విచారింపరాదని దాని తాత్పర్యము. పన్నెండవ శతాబ్దమున కల్యాణనగరమున బసవేశ్వరులు దీనిని మాటగా విడువలేదు. సమగార హరళయ్యగారి కుమారునకు, బ్రాహ్మణకులమునుండి శరణమార్గమునకు వచ్చిన మధువరసయ్యగారి కుమార్తెకు వివాహము జరిగినదని, దానికై తండ్రులిద్దరును బిజ్జలుని ఆజ్ఞచే ఘోరమైన రాజదండనకు గురియైరని, కల్యాణమున విప్లవము రేగి శరణులు చెల్లాచెదరైరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ తండ్రులు మనవలె “లోకము ఏమనుకొనునో” అని వెనుకాడియుండినచో వారి ప్రాణములు నిలిచియుండెడివి. శరణధర్మము మాత్రము పైపచ్చికగా మిగిలియుండెడిది. వారు నేలనే త్రవ్విరి. ఆ త్రవ్వినచోట నిలిచి యున్నాము మనము.

గడ్డి మాట వచ్చినది కావున మాదార చెన్నయ్యగారిని స్మరింపకుండ ముందుకు సాగరాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము మూలమున తెలుగువారికి చిరపరిచితమైన భక్తుడాయన. చోళరాజు గుర్రములకు గడ్డి కోసి మోయుట ఆయన కాయకమని శరణ సంప్రదాయము. ఆయన యింటి అంబలిని శివుడు ప్రీతితో ఆరగించెనని కథ. రాజు పెట్టిన నైవేద్యముకన్న గడ్డి మోసినవాని అంబలి శివునకు రుచించినది. బసవేశ్వరులు తమ వచనములలో ఈ చెన్నయ్యగారిని తండ్రిగా చెప్పుకొనిరి. తాము పుట్టిన అగ్రహారపు వంశమును ప్రక్కకు నెట్టి, గడ్డిమోపు ఎత్తినవానిని తండ్రియనిరి. దీనికన్న లోతుగా త్రవ్వుట యెట్లు?

ఇక మనము చేయవలసిన పని యేమి? తుంగను తీయు కర్షకుడే మనకు ఇందులో గురువు.

మొదట గుర్తింపు. దూరమునుండి చూచిన తుంగయు పచ్చికయు ఒక్కటే పచ్చదనము. కాడను వ్రేళ్ళ నడుమ పెట్టి త్రిప్పి చూచినచో భేదము తెలియును. గడ్డికాడ గుండ్రముగనో చప్పిడిగనో యుండును. తుంగకాడకు మూడు పలకలుండును. అట్లే మనలోని కులగర్వము ఆచారమువలె, శుచివలె, పెద్దల మర్యాదవలె కనిపించును. పూజావేళ లింగమును కరస్థలమున నుంచుకొన్నప్పుడు ఆ భావమును ఒకసారి త్రిప్పి చూడుడు. ఎదుటివానిని తక్కువ చేయు అంచు దానికి తగిలినచో అది ఆచారము కాదు.

రెండవది, మొలిపించి తీయుట. తెలిసినవాడు క్రొత్త పచ్చికకై తొందరపడడు. నేలను బోడిగా నుంచి, నీరు పెట్టి, దాగియున్న తుంగను తానే మొలిపించి, గడ్డతో సహా త్రవ్వి తీయును. ఇట్లు రెండు మూడు మారులు చేసినగాని పచ్చికను తెప్పింపడు. మన యిండ్లలో పిల్లల పెండ్లి సంబంధము గుమ్మములోనికి వచ్చిన పిదప ఈ విషయము పుట్టుటచేతనే కన్నీళ్ళు, కలహములు కలుగుచున్నవి. పిల్లలు చిన్నవారుగ నున్నప్పుడే, ఎవరి బిడ్డయు ఎదుట లేనప్పుడే, పెద్దలు కూర్చుండి, “లింగవంతుడైన చాలు, శాఖను అడుగము” అని మాటలాడుకొని నిశ్చయించుకొనవలెను. ఆ మాటలాడునప్పుడు ఎవరికి కష్టము తోచునో వారి నేలలో గడ్డ యున్నదని తెలియును. అది తప్పుకాదు, తెలియుట మేలు.

మూడవది, ఎండకు వేయుట. వేసవి దుక్కిలో పైకి తేలిన గడ్డలు కొన్ని దినములు మండుటెండలో పడియుండినచో ఎండి చచ్చును. నీడలో తేమలో మిగిలినవి చావవు. కల్యాణమున అనుభవమంటపము ఇట్టి యెండ. అల్లమప్రభువు పీఠమునందుండగా, చాకలి మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, తోళ్ళపని చేయు కక్కయ్య, మహాదేవియక్క మొదలగువారు మనసులోని మాటను దాచక పలికిన సభ యది. మన మఠములలో జయంతులకు ఉపన్యాసములు జరుగుచున్నవి గాని, అట్టి దాపరికము లేని సంభాషణ అరుదైనది. మఠాధిపతులు దానికి చోటు కల్పింపవలెనని ప్రార్థన.

నాలుగవది, ఆకు సాగనీయకుండుట. తుంగ మొలచిన మూడు నాలుగు వారములకే క్రొత్త గడ్డలు కట్టనారంభించును. ఆ లోపల, నాలుగైదు ఆకులు కాకమునుపే, ప్రతిసారి తీసివేసినచో గడ్డలో దాచుకొన్న సత్తువ క్రమముగా ఖర్చై అది క్షీణించును. ఆయ్దక్కి లక్కమ్మగారి చరిత్ర ఇందుకు నిదర్శనము. బసవేశ్వరుల ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చుట ఆమె భర్త మారయ్యగారి కాయకము. ఒకనాడు ఆయన అలవాటుకన్న ఎక్కువ తెచ్చెను. ఆ తల్లి ఆ దినముననే దానిని మరల అక్కడనే పోసి రమ్మని పంపెను. పిడికెడు బియ్యమే కదా అని ఉపేక్షింపలేదు. లోభము రెండాకుల మొక్కగా నున్నప్పుడే తీసెను. మన నోట “వాళ్ళ బుద్ధి అంతే” అను మాట వచ్చిన క్షణముననే, పిల్లలు వినునట్లుగనే, దానిని వెనుకకు తీసికొనవలెను.

ఐదవది, నీడ. తుంగకు నీడ సరిపడదు. పచ్చిక దట్టముగా అల్లుకొన్నచోట అది బలహీనపడును. కలుపు తీసిన నేలను ఖాళీగా విడిచినచో మరల కలుపే వచ్చును. కాయకము, దాసోహము అను రెండును దట్టముగా అల్లుకొన్న యింట గర్వమునకు వెలుతురు దొరకదు. ఒకే పంక్తిలో కూర్చుండి భుజించు దాసోహము వంద ఉపన్యాసములకన్న మేలు.

ఇచ్చట రెండు హెచ్చరికలు అవసరము. పాతదంతయు కలుపు కాదు. గరికను చూడుడు. ప్రత్తిచేనిలో అది రైతునకు తలనొప్పి. ముంగిట అదియే కోరి పెంచుకొను పచ్చిక. మన తల్లులు పాడు పాటలు, ఇంటి భాష, వంట, కులవృత్తిలోని నేర్పు, ఇవి గరికవంటివి. వీనిని పెరికివేయుట మూఢత్వము. మనిషిని మనిషినుండి వేరుచేయునదే తుంగ.

రెండవ హెచ్చరిక ఇంతకన్న ముఖ్యమైనది. కలుపు మనుష్యులు కారు. ఒక కుటుంబమును, ఒక శాఖను, లింగము లేనివానిని కలుపుగా తలచి పెరికివేయ బూనినచో మనము శరణులము కాము. చేతిలోని పార తన నేలను త్రవ్వుటకు గాని ఇతరుల ముంగిలి చెక్కుటకు కాదు.

తుంగ ఒక్క వేసవిలో పోదు. ఇది తెలిసిన కర్షకుడు నిరాశ పడడు, పచ్చికను నిందింపడు, మరల మరల చాపలు కొని పరవడు. మరల పార అందుకొనును. ఎనిమిది శతాబ్దములు గడచినను మనలో పాత గడ్డ మొలచుచున్నదన్న బసవధర్మము విఫలమైనదని కాదు. ఆ పని మన వంతు వచ్చినదని అర్థము. ఈ సంవత్సరము మీ యింట సంబంధము మాట వచ్చినప్పుడు శాఖ నడుగకుండ లింగమును, శీలమును, కాయకమును మాత్రము విచారించి చూడుడు. అంతవరకు ఒక గడ్డ వేరుతో వచ్చినట్లే.

కూడలసంగమదేవుడు మనకందరకు ఆ బలమును ప్రసాదించుగాక.